అప్పన్నని పిలవని కాన్పు

మా మేడ మీద పోర్షన్లో ఇద్దరు నర్సింగ్ విద్యార్థినులు అద్దెకుంటున్నారు. పెందుర్తిలో ఇల్లు కట్టుకున్నప్పుడు రిటైరయ్యాక ప్రశాంతంగా ఉండొచ్చనుకున్నాను. వీళ్ళిద్దరూ దిగాక ఆ ఆశ వదులుకున్నాను. సాయంత్రం టీ వేళకు సరిగ్గా కిందికొచ్చి, "ఆంటీ, అన్నేళ్ళు లేబర్ రూములో చేశారు కదా, ఎప్పుడూ తప్పు చెయ్యలేదా?" అని అడుగుతారు. పని మానేసిన వాళ్ళని ఎవరైనా గొప్పలు చెప్పమంటారు. వీళ్ళకు నా తప్పులు కావాలి. సరే, వీళ్ళలాంటి పిల్లలు ఇంకా చాలామంది డ్యూటీలకు వెళ్తున్నారు కాబట్టి ఒకటి రాసి పెడుతున్నాను. ఎవరి పేర్లూ చెప్పను. ఆస్పత్రి పేరు అసలే చెప్పను. ఫిషింగ్ హార్బరుకు ఆటోలో పది నిమిషాల దూరం, అంతే.

ముందు నా గొప్ప ఒకటి చెప్పుకోనివ్వండి, తర్వాత ఎలాగూ పోతుంది. నాకు చెవి మంచిదని పేరు. మాది సముద్రం ఒడ్డున పేట. నాన్న వేటకు వెళ్ళేవాడు, అమ్మ చేపలు అమ్మేది. చీకటితోనే హార్బరులో వేలంపాట కేకల మధ్య కూర్చుని, ఏ పడవకి ఏ చేప పడిందో అరుపుని బట్టి చెప్పేదాన్ని. ఆ విద్య లేబర్ రూముకు కూడా పట్టుకొచ్చాను. వరండా చివర కూర్చుని కేసు షీట్లు రాసుకుంటూనే లోపల ఎవరికి ఎంతవరకు వచ్చిందో చెప్పగలిగేదాన్ని.

దానికో వరస ఉండేది. మా వైపు ఆడవాళ్ళు నొప్పుల్లో మొదట అమ్మని తలుచుకుంటారు. అది ఇంకా మొదలే, కాఫీ తాగి రావచ్చు. తర్వాత "ఓలమ్మో" అని ఊళ్ళో అమ్మలందరినీ పిలుస్తారు. కాసేపటికి అత్తగారి మీదకు మళ్ళుతుంది. నొప్పులు బాగా దగ్గర పడ్డాక మొగుడి వంతు. ఆ మహానుభావుడు బయట కిటికీ కింద నిలబడి తన ఏడు తరాల గురించీ వింటూ ఉంటాడు. ఆఖరికి "అప్పన్నా! సింహాద్రప్పన్నా!" అని సింహాచలం దేవుణ్ణి పిలుస్తూ ఒక కేక వస్తుంది. అప్పన్న దాకా వచ్చిందంటే నేను లేచి గ్లౌజులు తొడుక్కునేదాన్ని. ఎప్పుడూ గురి తప్పలేదు. మా డాక్టరమ్మ కూడా నన్ను, "ఏమ్మా, అప్పన్న వచ్చాడా?" అని అడిగేది.

ఇంకొకటి కూడా చెప్పాలి. చెవి ఎంత మంచిదో నోరు అంత మంచిది కాదు. మరీ గోల చేసేవాళ్ళ దగ్గరకు వెళ్ళి, "అరుపులాపు! మొగుడి పక్కన పడుకున్నప్పుడు లేని ఏడుపు ఇప్పుడేటి?" అని కసిరేదాన్ని. ఆ మాట నేను పుట్టించింది కాదు. మా సీనియర్ల దగ్గర నేర్చుకున్నాను, వాళ్ళు వాళ్ళ సీనియర్ల దగ్గర నేర్చుకున్నారు. టెంపరేచరు చూడటం, బీపీ చూడటం ఎలా వచ్చాయో ఇదీ అలాగే వచ్చింది. అది తిట్టని కూడా ఎప్పుడూ అనిపించలేదు.

ఇక అసలు సంగతి. తొంభైల మొదటి రోజులు. ఉక్కు ఫ్యాక్టరీ పనులకు వచ్చిన రష్యా ఇంజనీర్లు కొందరు ఇంకా కూర్మన్నపాలెం దగ్గర టౌన్‌షిప్పులో కాపురాలుండేవారు. అందులో ఒకాయన భార్యకు రెండో కాన్పు. ఆమెకు ముప్పై ఏళ్ళు ఉంటాయి. మొదటి పిల్లకు ఆరేళ్ళు, ఆ పిల్ల వాళ్ళ దేశంలోనే పుట్టింది. రెండోసారి ఇంటికెళ్ళి కనాలనుకున్నారు గానీ, అక్కడ దేశమే ముక్కలవుతూ ఉంటే, రొట్టెకు కూడా వరసలో నిలబడుతున్నారని వాళ్ళమ్మే ఉత్తరం రాసిందట, రావద్దని. ఎవరైనా పురిటికి అమ్మ దగ్గరకు పోతారు. ఈమె అమ్మే వద్దంటే మా విశాఖపట్నంలో ఉండిపోయింది.

ఆమె నొప్పులతో వచ్చింది ఉదయం తొమ్మిది గంటలకు. భర్త ద్వారబంధానికి తల తగిలేంత పొడుగు. వాళ్ళతో పాటు ఫ్యాక్టరీ వాళ్ళు పంపిన దుబాసీ ఒకాయన. శ్రీకాకుళం వైపు రైతు కుటుంబం, ముప్పై దాటిన బ్రహ్మచారి. కొలిమిలో ఏ నట్టు వదులైందో రెండు భాషల్లోనూ చెప్పగలడు గానీ, కాన్పు గురించి పాపం తెలుగులో కూడా ఏమీ తెలీదు. కౌంటరు దగ్గరే గొడవ మొదలైంది. ఫారంలో దేశం పేరు రాయాలి. భర్త ఒకటి చెప్పాడు, భార్య ఇంకొకటి చెప్పింది.

"ఏటి బావా, మొగుడూ పెళ్ళాలు కాదేటి ఈళ్ళు?" అన్నాడు మా గుమస్తా.

"మొగుడూ పెళ్ళాలే బావా. పెళ్ళినాటికి ఇద్దరిదీ ఒకటే దేశం. ఇప్పుడు ఆయన ఊరు ఒక దేశంలో పడింది, ఆవిడ ఊరు ఇంకో దేశంలో పడింది. ఈళ్ళేటి సేస్తారు?" అన్నాడు దుబాసీ.

గుమస్తా కాసేపు కలం పట్టుకుని ఆలోచించి, దేశం అన్న చోట కూర్మన్నపాలెం అని రాసేశాడు. ఆ ఫారం చూసి డాక్టరమ్మ నవ్వింది గానీ దిద్దలేదు.

డాక్టరమ్మ తొమ్మిదిన్నరకు పరీక్ష చేసింది. "దారి నాలుగు సెంటీమీటర్లే తెరుచుకుంది. కానీ రెండో కాన్పు, త్వరగా అయిపోవచ్చు, జాగ్రత్త. గంటగంటకీ చూస్తూ ఉండు, ఏ మాత్రం కదలిక ఉన్నా కబురు చెయ్యి," అని నాకు చెప్పి ఇంటి దగ్గర క్లినిక్కుకు వెళ్ళింది. కబురు చేస్తే పావుగంటలో వచ్చేస్తుంది. పది గంటలకు నేను వెళ్ళి చూశాను. కడుపు మీద గొట్టం పెట్టి విన్నాను, బిడ్డ గుండె బాగా కొట్టుకుంటోంది. ఆమె గోడ వైపు తిరిగి పడుకుని ఉంది, కిక్కురుమనలేదు. ఎంత నిదానమో అనుకున్నాను.

పక్క మంచం మీద ఇంకో పిల్ల ఉంది. హార్బరు పక్క పేట పిల్ల, పద్దెనిమిదేళ్ళు దాటిందో లేదో, తొలిచూలు. అప్పటికింకా రెండు సెంటీమీటర్లే గానీ ఆస్పత్రి పెంకులెగిరిపోతున్నాయి. అమ్మ అయిపోయింది, అత్త అయిపోయింది, పదిన్నరకే మొగుడి దాకా వచ్చేసింది. నేను ఆ మంచం దగ్గరే ఉండిపోయాను. నా ప్రసిద్ధమైన మాట ఆ పిల్లకు ఒకసారి కాదు, మూడుసార్లు చెప్పాను. అంతకుముందు గుమ్మం బయట కంగారు పడుతున్న రష్యా ఆయన్ని, దుబాసీని పిలిచి, "మీ ఆవిడకి ఇంకా టైముంది, రెండు దాటుతుంది. వెళ్ళి భోంచేసి రండి," అని పంపేశాను. ఆమె మాట తెలిసినవాళ్ళు ఆ ఆస్పత్రిలో వాళ్ళిద్దరే.

పదకొండయింది. గంటగంటకీ చూడమన్న డాక్టరమ్మ మాట గుర్తుంది. కానీ రష్యా ఆమె వైపు నుంచి అప్పన్న కాదు కదా, అమ్మ కూడా వినపడలేదు. నా చెవి మీద నాకు అంత నమ్మకం. చూడలేదు. రాసుకోండి, నా తప్పు అదే.

మా ఆయా అప్పుడు గది తుడుస్తోంది. ఆవిడదీ మా పేటే, నాకన్నా పదేళ్ళు పెద్ద. అక్కను మేము అప్ప అంటాం, అలాగే పిలిచేదాన్ని. ఫినాయిల్ గుడ్డతో మంచాల కింద తుడుస్తూ రష్యా ఆమె కాళ్ళ దగ్గర ఆగిపోయింది.

"సిస్టరమ్మా, ఇలాగొచ్చి ఈ దొరసానమ్మ కాళ్ళేళ్ళు సూడు."

"ఊరుకో అప్పా. ఇంకా నోరే ఇప్పలేదు."

"సేప నోరిప్పి అరుస్తదేటి? గట్టున పడ్డ సేపని సూస్తే మనకి తెలీదేటి? నాను సెప్తన్నాను, నువ్వు రా!"

ఆ గొంతు విని వెళ్ళాను. కాలివేళ్ళు పదీ ముడుచుకుపోయి తెల్లగా ఉన్నాయి. చేతులు మంచం ఇనప కమ్మీని పట్టుకుని ఉన్నాయి, కణుపులు పాలిపోయాయి. తలగడ మూల నోట్లో కుక్కుకుంది. దుప్పటి ఎత్తి చూసేసరికి బిడ్డ తల కనపడుతోంది. ఎంతసేపటి నుంచి ఒంటరిగా అలా బిగబట్టుకుందో నాకు తెలియదు.

డాక్టరమ్మకు కబురు చెయ్యమని అరిచాను. గ్లౌజులు ఒకటి సరిగ్గా ఎక్కలేదు, అలాగే పని మొదలుపెట్టాను. తల వచ్చింది. మెడ చుట్టూ పేగు రెండు చుట్లు బిగిసి ఉంది. తప్పించబోతే రాలేదు. రెండు చోట్ల క్లిప్పులు బిగించి మధ్యలో కోశాను. మిగతా ఒళ్ళు జారి నా చేతుల్లోకి వచ్చింది. మగబిడ్డ. నీలంగా ఉన్నాడు, చేతులు కాళ్ళు తడి గుడ్డలాగా వేలాడుతున్నాయి. ఏడవలేదు.

నోట్లో, ముక్కులో ఉన్నది గొట్టంతో లాగాను. వీపు రుద్దాను. అరికాళ్ళ మీద చిటికెలు వేశాను. అప్ప ఆక్సిజన్ పట్టుకొచ్చింది. బిడ్డ మొహం మీద చిన్న మాస్కు పెట్టి దాని గాలి బుడగ నొక్కడం మొదలుపెట్టాను. గుండె కొట్టుకుంటోంది గానీ నిదానంగా. పక్క మంచం పిల్ల తన నొప్పి మరిచిపోయి, మోచేతి మీద లేచి ఇటే చూస్తోంది. పొద్దున్నుంచీ లేని నిశ్శబ్దం ఒక్కసారిగా ఆ గదిలోకి వచ్చింది. నాకు చాలా భయం వేసింది. బిడ్డ పోతే నేను పోగొట్టినట్టే. పదకొండు గంటలకు గొట్టం పెట్టి విని ఉంటే గుండె తగ్గుతున్నట్టు అప్పుడే తెలిసేది, డాక్టరమ్మ పక్కనే ఉండేది.

తల్లి తల ఎత్తి నా చేతుల వైపు చూస్తోంది. అప్పుడు కూడా ఏమీ అడగలేదు. అడిగితే నాకు అర్థం కాదని ఆమెకూ తెలుసు.

"అరువు నాయనా, అరువు. గట్టిగా అరువు బాబూ, నీకు దణ్ణం పెడతాను," అంటున్నానట నేను. నాకు గుర్తు లేదు, అప్ప తర్వాత చెప్పింది. పొద్దున్నుంచీ అరవొద్దని అందరి మీదా ఎగిరిన నేనే బుడగ నొక్కుతూ అరవమని బతిమాలుకుంటున్నాను.

రెండు నిమిషాలు కూడా అయి ఉండవు. ముందు పిల్లి కూన మూలిగినట్టు ఒక చప్పుడు. తర్వాత దగ్గు. తర్వాత ఏడ్చాడు చూడండి, కిటికీ బయట నిలబడ్డ మగవాళ్ళు కూడా లోపలికి తొంగి చూశారు. నీలం పోయి ఎరుపెక్కాడు. పక్క మంచం పిల్ల "అప్పన్నా!" అని రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. అది తన కాన్పు కోసం కాదు, వీడి కోసమే. తర్వాత మళ్ళీ పడుకుని మొగుణ్ణి ఎక్కడ వదిలిందో అక్కడి నుంచి తిట్టడం మొదలుపెట్టింది. సాయంత్రం ఆ పిల్లకు ఆడపిల్ల పుట్టింది.

డాక్టరమ్మ వచ్చేసరికి వాణ్ణి గుడ్డలో చుట్టి తల్లి పక్కన పెట్టాం. ఆవిడ ఇద్దరినీ చూసి బాగున్నారని చెప్పి, కేసు షీటు అడిగింది. పదకొండు గంటల గడి ఖాళీగా ఉంది. ఆ గడి నింపేయడం ఎంత సేపు? చూశాను, బాగానే ఉంది అని నాలుగు ముక్కలు రాస్తే ఎవరికీ తెలియదు. అప్ప కూడా నోరు విప్పదు. చేతిలో పెన్నుంది, రాయాలనే అనిపించింది. సిగ్గు విడిచి చెప్తున్నాను. కానీ వాడు లోపల ఇంకా ఏడుస్తూనే ఉన్నాడు, ఆ ఏడుపు వింటూ అబద్ధం రాయలేకపోయాను. చూడలేదు అని రాసి సంతకం పెట్టాను.

"ఎందుకు చూడలేదు?" అంది డాక్టరమ్మ.

"అరవలేదండి."

"మూగవాళ్ళు కనరా అమ్మా?" అని మాత్రం అంది. మా హెడ్ సిస్టర్ మాత్రం అంతటితో ఊరుకోలేదు. మెమో ఇచ్చింది, నెల రోజులు ఆపరేషన్ థియేటర్లో గుడ్డలు ఉడకబెట్టే డ్యూటీ వేసింది. ఆ నెలంతా నాకు ఎవరి అరుపూ వినపడలేదు.

మూడో రోజు పొద్దున బాలింతను చూడ్డానికి వార్డుకు వెళ్ళాను. భర్త బిడ్డను ఒళ్ళో పెట్టుకుని, ఊపిరి గట్టిగా వదిలితే ఎగిరిపోతాడేమో అన్నట్టు కూర్చున్నాడు. వాడి అరికాల్లో, బుగ్గ మీద కాటుక చుక్కలున్నాయి. పక్క మంచం పిల్ల వాళ్ళమ్మ పెట్టిందట. తన కూతురి కోసం తెచ్చిన, బాలింతకు పెట్టే కాయం ముద్ద కూడా సగం రష్యా ఆమెకు పెట్టింది. అంత ఘాటు ఎలా తిందో గానీ, కళ్ళ వెంట నీళ్ళు కారుతూ ఉండగా మొత్తం తినేసిందట. దుబాసీ తలుపు దగ్గర కర్టెన్ వెనక ఉన్నాడు.

"నాను ఇక్కడే ఉంటానండి సిస్టర్ గారూ. మీరు ఇవతల్నుంచి సెప్పండి, నాను అవతల్నుంచి సెప్తాను," అన్నాడు.

నాకు కాస్త వేళాకోళమాడాలనిపించింది. "ఒక్క కేక కూడా వెయ్యలేదేమమ్మా? మీ దేశంలో ఆడవాళ్ళకి నొప్పులుండవా? ఉంటే ఒకసారి అమ్మా అనుంటే నాకు ఈ గుడ్డలు ఉడకబెట్టే పని తప్పేది కదా, అని అడుగు," అన్నాను.

ఆమె నవ్వింది. తర్వాత చాలాసేపు మెల్లగా చెప్పింది. కర్టెన్ వెనక నుంచి దగ్గు మాత్రం వచ్చింది.

"ఏటయ్యా, సెప్పవేటి?" అంది అక్కడే ఊడుస్తున్న అప్ప.

"మొదటి కాన్పుకి వాళ్ళ దేశంలో బాగా అరిచిందటండి," అన్నాడు దుబాసీ. "అప్పుడు అక్కడి సిస్టర్ గారు వచ్చి ఒక మాట అన్నారట. ఆ మాట... ఆడవాళ్ళ ముందు నాను సెప్పలేనండి."

"సెప్పు నాయనా, ఇక్కడ సిన్నపిల్లలెవలూ లేరు," అంది అప్ప.

కర్టెన్ కాసేపు కదిలింది. "మొగుడి పక్కన పడుకున్నప్పుడు లేని ఏడుపు ఇప్పుడెందుకు అన్నారటండి."

అప్ప చీపురు వదిలేసి నవ్వింది. "ఓలమ్మో! మన మాటే కదేటి సిస్టరమ్మా! అంత దూరం ఎలాగెల్లిపోనాదో!"

నేను కూడా నవ్వబోయాను. కానీ ఆమె ఇంకా చెప్తోంది, కర్టెన్ వెనక నుంచి అతను ఒక్కొక్క ముక్కే అందిస్తున్నాడు. "మళ్ళీ ఆ మాట పడకూడదని ఆరేళ్ళ కిందటే అనుకుందటండి. మొన్న పొద్దున మీరు పక్క మంచం అమ్మాయిని ఏదో అన్నారట, మూడుసార్లు. భాష తెలీదు గానీ ఏమన్నారో తెలిసిపోయిందటండి. అందుకని నోరు మూసుకుందట."

ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆమె కోపంగా చెప్పలేదు. ఏదో వర్షం పడింది అన్నట్టు చెప్పింది, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఆమెను చూడకపోవడం నా తప్పని మూడు రోజులుగా అనుకుంటున్నాను. ఆమె నోరు మూయించింది కూడా నేనేనని అప్పుడు తెలిసింది.

"ఏమని సెప్పమంటారండి సిస్టర్ గారూ?" అన్నాడు దుబాసీ.

"తప్పు నాదే, క్షమించమని చెప్పు."

అతను కర్టెన్ తొలగించి మొదటిసారి తల లోపల పెట్టాడు. "ఆరేళ్ళుగా రెండు వైపుల ఇంజనీర్ల మధ్య కూచుంటన్నానండి. ఈ ముక్క ఎవరూ నా చేత సెప్పించలేదు. ఎప్పుడూ తప్పు అవతలోళ్ళదే," అన్నాడు. తర్వాత ఆమెకు చెప్పాడు. ఆమె భర్త ఒళ్ళోంచి బిడ్డను తీసి నాకు అందించింది. వాడు నా చేతుల్లోకి రాగానే ఏడుపు లంకించుకున్నాడు.

రెండేళ్ళకో మూడేళ్ళకో వాళ్ళు వెళ్ళిపోయారు. ఏ దేశానికి వెళ్ళారో, ఇద్దరి దేశాల్లో ఏది గెలిచిందో నాకు తెలియదు.

కథ ఇక్కడికి అయిపోతే బాగుండేది, నేను మారిపోయానని చెప్పుకుని టీ తాగేదాన్ని. ఆ మాట అనడం మాత్రం మానేశాను. గంటగంటకీ చూడ్డం మళ్ళీ ఎప్పుడూ తప్పలేదు. అరిచేవాళ్ళ కన్నా ముందు అరవనివాళ్ళ దగ్గరకు వెళ్ళేదాన్ని. నా లెక్క సరిపోయిందనే అనుకున్నాను.

నాలుగేళ్ళు పోయాక ఒక రోజు మధ్యాహ్నం హార్బరు పేట నుంచి ఒక అమ్మాయిని ఆటోలో తెచ్చారు. ఆ పక్క మంచం పిల్లే. రెండో కాన్పు. కాస్త ఒళ్ళు చేసింది గానీ వెంటనే గుర్తుపట్టాను. మళ్ళీ ఆస్పత్రి పెంకులెగురుతాయని లోపల నవ్వుకున్నాను. కానీ ఆ పిల్ల నన్ను చూసింది, గుర్తుపట్టింది, గోడ వైపు తిరిగి కొంగు నోట్లో కుక్కుకుంది.

వెళ్ళి కాళ్ళ వైపు చూశాను. వేళ్ళు ముడుచుకుని ఉన్నాయి.

మంచం అంచు మీద కూర్చుని కొంగు మెల్లగా లాగాను. "అరువమ్మా. ఎంత నొప్పి ఉంటే అంత గట్టిగా అరువు."

అనుమానంగా చూసింది. "తిడతావు కదేటి సిస్టరమ్మా? అప్పుడు తిట్టీసినావు. నాను మరిసిపోలేదు."

"తిట్టను. ఈసారి నువ్వే తిట్టు."

ఇంకా నమ్మలేదు. అప్పుడే ఒక నొప్పి వచ్చింది. అమ్మని పిలవలేదు, అత్తని పిలవలేదు, బయట నిలబడ్డ మొగుణ్ణి కూడా వదిలేసింది. నా మొహంలోకి సూటిగా చూస్తూ, నాలుగేళ్ళుగా దాచుకున్నదంతా పెట్టి నన్నే తిట్టింది. నా నోటిని, నా టోపీని, నాకు ఉద్యోగం ఇచ్చినవాళ్ళని, ఎవరినీ విడిచిపెట్టలేదు. ఆ కేకకు హెడ్ సిస్టర్ పరుగెత్తుకొచ్చింది.

"ఏమిటా గోల? ఎవరిని తిడుతోంది?"

"నన్నేనండి. నేనే తిట్టమన్నాను," అని చెప్పి గ్లౌజులు తొడుక్కున్నాను.